హెర్నియాకు వాడు అల్లిక వల: దాని బలమెంత, ఆ బలమెక్కడ?

కడుపు గోడలో బలహీనమైన చోట ఏర్పడిన సందుగుండ లోపలి క్రొవ్వుగాని పేగుగాని బయటికి ఉబికివచ్చుటను హెర్నియా అందురు. ప్రాచీన వైద్యగ్రంథములలో దీనికి ఆంత్రవృద్ధి యని పేరు. ఇది ఎక్కువగా గజ్జలలో కనిపించును. బొడ్డువద్దను, పూర్వము శస్త్రచికిత్స జరిగిన కోతమచ్చవద్దను కూడ రావచ్చును. వరిబీజము వేరు, హెర్నియా వేరు. వరిబీజమునందు వృషణముచుట్టు చేరునది నీరు. హెర్నియాయందు దిగివచ్చునది కడుపులోని భాగము. నూరుమంది పురుషులలో 27 మొదలు 43 మందికిని, నూరుమంది స్త్రీలలో 3 మొదలు 6 మందికిని జీవితకాలములో ఎప్పుడైనను గజ్జల హెర్నియా వచ్చునని అంతర్జాతీయ వైద్యమార్గదర్శకములు తెలుపుచున్నవి.

మాత్రలచేతగాని, లేపనములచేతగాని, నడుమునకు బిగించు పట్టీలచేతగాని ఈ సందు పూడదు. పెద్దవారిలో దీనిని పూడ్చుటకు శస్త్రచికిత్సయే మార్గము. నేడు ఆ శస్త్రచికిత్సలో సాధారణముగా ఒక పలుచని అల్లిక వలను సందుపై పరచి అమర్చుదురు. ఆ వల ముక్కను చూచిన రోగికిని, అతని బంధువులకును ఒక సందేహము కలుగుట సహజము. "దోమతెరవలె ఇంత పలుచగా నున్నదే, బస్తా ఎత్తినపుడు, గట్టిగా దగ్గినపుడు తెగిపోదా?" అని వారడుగుదురు. ఈ భయముచే కొందరు శస్త్రచికిత్సను ఏండ్ల తరబడి వాయిదా వేయుదురు. మరికొందరు అప్పు చేసియైనను అన్నిటికంటె మందమైన వలనే వేయింపవలెనని పట్టుబట్టుదురు. ఈ రెండును పొరపాట్లే. వలకు కావలసిన బలమెంతో, ఆ బలము ఎక్కడనుండి వచ్చునో తెలిసికొన్నచో ఈ పొరపాట్లు తొలగును.

సైకిలు టైరు ఉపమానము

సైకిలు టైరునకు చీలిక పడినచో లోపలి ట్యూబు ఆ చీలికగుండ బుడగవలె ఉబుకును. దోషము ట్యూబులో లేదు, దానిని అదిమి పట్టవలసిన టైరులో నున్నది. హెర్నియా కూడ ఇట్టిదే. పేగునకు రోగము లేదు; దానిని లోపల నిలుపవలసిన గోడకు సందు పడినది.

సైకిలు మరమ్మతు చేయువాడు ఆ చీలిక అంచులను దగ్గరకు లాగి దారముతో కుట్టినచో ఆ కుట్టు ఎన్నో దినములు నిలువదు. గాలి నిండినకొలది కుట్టు బిగుసుకొని రబ్బరును కోయును. అందుచే అనుభవజ్ఞుడు పాత టైరు ముక్కనొకదానిని చీలికకంటె వెడల్పుగా కత్తిరించి, ట్యూబునకును టైరునకును నడుమ నుంచును. లోపలి గాలియే ఆ ముక్కను టైరునకు అదిమిపట్టును. ఆ ముక్క చీలికయంతయే యుండినచో నిలువదు. నాలుగు ప్రక్కల మించియుండినచో నిలుచును. హెర్నియా వలకును ఇదే సూత్రము వర్తించును.

కడుపులోని ఒత్తిడి ఎంత?

కడుపు గోడ మోయవలసిన భారము లోపలి ఒత్తిడిని బట్టి యుండును. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఆరోగ్యవంతులైన 20 మంది యువతీయువకుల కడుపులోని ఒత్తిడిని కొలిచిరి. నిలుచున్నపుడు అది సగటున 20 మి.మీ. పాదరసము. నిలుచుండి దగ్గినపుడు సుమారు 108, ఉన్నచోటనే ఎగిరినపుడు సుమారు 171 మి.మీ. వరకు పెరిగినది. నడుము వంచినపుడు గాని, బరువులెత్తినపుడు గాని అంతటి పెరుగుదల కానరాలేదు. బరువెత్తుటకంటె దగ్గు ఎక్కువ ఒత్తిడి కలిగించునన్న సంగతి చాలమందికి తెలియదు. పొగత్రాగుటచే ఏండ్ల తరబడి దగ్గుచుండువాడు తన కడుపు గోడను ప్రతిదినము అనేక పర్యాయములు పరీక్షకు పెట్టుచున్నాడన్నమాట.

జర్మనీలోని ఆకెన్ నగర శస్త్రవైద్యులు ఈ ఒత్తిడినుండి గోడకు కావలసిన బలమును గణించిరి. వారు తీసికొన్న గరిష్ఠపు ఒత్తిడి సుమారు 150 మి.మీ. పాదరసము. ఇది చదరపు సెంటీమీటరునకు 0.2 కిలోల బరువుతో సమానము. కడుపును 32 సెం.మీ. వ్యాసముగల గోళముగా భావించినచో, గోడలోని లాగుడు తెలియుటకు ఒత్తిడిని వ్యాసముచే గుణించి 4చే భాగింపవలెను. 0.2ను 32చే గుణించి 4చే భాగించగా 1.6 వచ్చును. అనగా గోడలో ప్రతి సెంటీమీటరు వెడల్పు 1.6 కిలోల లాగుడునకు ఓర్చుకొనవలెను. శాస్త్రజ్ఞుల కొలతలో ఇది సెంటీమీటరునకు 16 న్యూటనులు.

కడుపును గోళముగా గాక గొట్టముగా ఎంచినచో లెక్క రెట్టింపై 32 న్యూటనులగును. కోతమచ్చ చోట ఏర్పడిన పెద్ద సందును పూడ్చుటకు వీలులేక, వల దానిని వంతెనవలె దాటవలసివచ్చినపుడు ఈ పెద్ద అంకెనే ఆధారముగా గ్రహింతురు. గజ్జలలోని చిన్న సందునకు వెనుక కండరముల అండ యుండును గాన 16 చాలును. కావున వలకు కావలసిన బలము ఊహకందనంత పెద్దది కాదు. సెంటీమీటరు వెడల్పుగల పట్టీకి ఒకటిన్నర, రెండు కిలోల బియ్యపు మూటను వ్రేలాడదీసిన ఎంతయో, సుమారు అంతయే.

కుట్టునుండి వలకు

ఇటలీలోని పాదువా నగర వైద్యుడు ఎడొఆర్డో బస్సీని 1887లో గజ్జల హెర్నియాకు ఒక శస్త్రచికిత్సా విధానమును ప్రకటించెను. అంతవరకు తరచు తిరుగబెట్టుచుండిన ఈ వ్యాధికి అది గొప్ప మేలుచేసినది. కాని ఆ పద్ధతిలో సందుకు ఇరుప్రక్కల నున్న కండరములను దగ్గరకు లాగి కుట్టవలెను. దూరముగా నున్నవానిని లాగి కుట్టినచోట బిగువు నిలిచియుండును. బిగువున్నచోట నొప్పి హెచ్చు; దారము కండరమును కోయును; కొందరికి హెర్నియా మరల వచ్చును.

ఈ లోటును తీర్చుటకై వెండి తీగలను, తరువాత టాంటలమను లోహపు జాలిని వాడిచూచిరి. శరీరపు ఎడతెగని కదలికలకు లోహపు తీగలు విరిగి ముక్కలయ్యెను. నైలాను శరీరపు తేమలో సంవత్సరములు గడచినకొలది బలము కోల్పోవును. 1954లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా క్రమమైన నిర్మాణముగల పాలిప్రొపిలీనును తయారుచేసెను. 1963లో కార్ల్ జీగ్లరుతోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. అమెరికాలోని హ్యూస్టన్ వైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ 1958లో పాలిఎథిలీను వలను గూర్చి ప్రకటించి, అటుపిమ్మట కొద్ది సంవత్సరములకే పాలిప్రొపిలీను అల్లిక వలను ప్రవేశపెట్టెను. పాలిప్రొపిలీను నీటిచే చెడదు, శరీరములో కరగదు, ఎన్నిసార్లు వంచినను విరుగదు. 1989లో లాస్ ఏంజెల్స్ వైద్యుడు ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్, ఆయన సహచరులు కండరములను లాగకుండ వలను పరచి అమర్చు బిగువులేని పద్ధతిని ప్రకటించిరి. నేడు ప్రపంచమంతట గజ్జల హెర్నియాకు ఎక్కువగా అనుసరించు తెరచికిత్స ఇదియే.

ఫలితములును దీనిని సమర్థించుచున్నవి. 25 పరిశోధనలలోని 6,293 మంది రోగుల వివరములను పోల్చి 2018లో ప్రకటించిన సమీక్షలో, వల వాడినవారిలో హెర్నియా తిరుగబెట్టుట సగముకంటె తక్కువకు తగ్గినట్లు తేలినది. ప్రతి 46 మందికి వల వాడుటచే ఒకరికి మరల హెర్నియా రాకుండ తప్పినది.

నేతయా, అల్లికయా?

మగ్గముమీద నేసిన బట్టలో పడుగు దారములును, పేక దారములును అడ్డముగా నిలువుగా దాటుకొనుచుండును. అది దిట్టమైనదేగాని, కత్తిరించినచోట అంచు దారములు ఊడివచ్చును. ఏటవాలుగా తప్ప అది సాగదు. బనియను అట్లు కాదు. దానిలో ఒకే దారము ఉచ్చులు ఉచ్చులుగా ప్రక్కకు సాగిపోవును. దీనిని పేక అల్లిక అనవచ్చును. ఇది బాగుగా సాగును. కాని ఒక ఉచ్చు తెగినచో నిచ్చెనమెట్లవలె వరుసగా ఊడిపోవును.

శస్త్రచికిత్సకు వాడునది పడుగు అల్లిక. ఇందు అనేకములైన పడుగు దారములు నిలువుగా నడచుచు, ప్రతి దారమును తన ఉచ్చును ప్రక్క వరుసలోని ఉచ్చుతో పెనవేయును. యంత్రముపై అల్లిన దోమతెర బట్టను ఎక్కడ కత్తిరించినను అంచు ఊడిపోకుండుటకు ఇదియే కారణము. వైద్యుడు రోగి శరీరమునకు తగినట్లు వలను గుండ్రముగా గాని, ఏటవాలుగా గాని కత్తిరింపవలెను. రేతోనాళము పోవుటకు దానిలో చీలిక కోయవలెను. ఎట్లు కోసినను ఊడని అల్లిక అందుకే కావలసివచ్చినది.

అల్లికకు మరియొక లక్షణము కలదు. అది ఒక దిశలో ఎక్కువగను, మరియొక దిశలో తక్కువగను సాగును. కడుపు గోడయు అట్టిదే. సెంటీమీటరునకు 16 న్యూటనుల లాగుడునకు పురుషుల కడుపు గోడ నిలువుగా సుమారు 23 శాతము, అడ్డముగా సుమారు 15 శాతము సాగునని కొలతలు తెలుపుచున్నవి. వల సాగెడి దిశ, గోడ సాగెడి దిశ కలియునట్లు పరచుట కుశలుడైన వైద్యుని పని.

బలమును పరీక్షించు విధము

వలను ప్రయోగశాలలో పలు విధముల పరీక్షింతురు. ఒక పట్టీని రెండు కొసల పట్టి తెగువరకు లాగుదురు. ఒక ముక్కను చట్రములో బిగించి, నునుపైన ఉక్కు గుండుతో నొక్కి ఎంత భారమునకు పగులునో చూతురు. అంచులో ఒక కుట్టు వేసి, ఆ కుట్టు వలను కోసికొని వచ్చుటకు ఎంత లాగుడు కావలెనో కొలుతురు. అంచున చిన్న చీలిక కోసి, అది ఎంత భారమునకు ప్రాకునో పరిశీలింతురు. తెగు భారము ఒక్కటే చూచిన చాలదు. సాగుడును, కుట్టును పట్టు శక్తియు కూడ చూడవలెను.

బరువు హెచ్చినంత మాత్రమున మేలు కలుగునా?

మొదటి తరపు వలలు చదరపు మీటరునకు 80 మొదలు 100 గ్రాముల బరువు కలిగి, దారము లావుగను, కన్నులు చిన్నవిగను ఉండెడివి. ఇవి కావలసిన బలమునకు అనేక రెట్లు బలిష్ఠములు. తరువాత వచ్చిన తేలిక వలలు చదరపు మీటరునకు సుమారు 30 మొదలు 45 గ్రాములు తూగును. వాని కన్నులు ఒక మిల్లీమీటరునకు మించి విశాలముగా నుండును. ఇవి బరువు వలలంత బలిష్ఠములు కాకున్నను, సాధారణముగా ఆ 16 న్యూటనుల కొలతకు పైననే నిలుచును.

కంటి విశాలమునకు ఇంత ప్రాధాన్యమెందుకు? శరీరము పరాయి వస్తువును కనుగొన్నంతనే దానిచుట్టు మచ్చకణజాలమును పెంచును. ప్రతి దారముచుట్టును ఇట్టి తొడుగు ఏర్పడును. కన్నులు ఇరుకైనచో ఒక దారపు తొడుగు ప్రక్క దారపు తొడుగుతో కలిసిపోయి వల అంతయు ఒకే గట్టి పలకయగును. ఆ పలక ముడుచుకొనును. రోగికి కడుపులో అట్టముక్క యున్నట్లు తోచవచ్చును. కన్నులు విశాలమైనచో తొడుగులు వేర్వేరుగా నిలిచి, నడుమ మెత్తని కణజాలమును రక్తనాళములును పెరుగును.

దారము ఒంటిపోగా, పేనినదా అనుటయు ముఖ్యమే. పేనిన దారపు పోగుల నడుమ మిల్లీమీటరులో నూరవవంతుకంటె ఇరుకైన సందులుండును. సూక్ష్మజీవులు అందు దూరగలవు; వానిని మ్రింగు రక్షక కణములు పెద్దవి గాన అందు ప్రవేశింపజాలవు. ఒంటిపోగు దారమున ఇట్టి దాగుచోట్లు తక్కువ.

ఐనను తేలిక వలయే అందరికి శ్రేష్ఠమనుట సరికాదు. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకముల ప్రకారము తేలిక వలవలన తొలిదినములలో నొప్పి కొంత తక్కువ కావచ్చును. దీర్ఘకాలమున హెర్నియా తిరుగబెట్టుటలోగాని, నిలిచిపోవు నొప్పిలోగాని చెప్పుకోదగిన భేదము కానరాదు. మిక్కిలి మెత్తని వల పెద్ద సందులోనికి ఉబ్బి దిగుటకును వీలున్నది. కావున వల బరువొక్కటే చూచి ఎన్నుకొనరాదు. సందు ఎంత, ఎక్కడ, రోగి శరీరమెట్టిది అనువానిని బట్టి వైద్యుడు నిర్ణయింపవలెను.

బలము ఎక్కడ నున్నది?

వల అమర్చిన దినమున దానిని నిలుపునవి కొన్ని కుట్లును, కడుపులోని ఒత్తిడియు మాత్రమే. తరువాత వారములలో శరీరపు కణములు వలకన్నులగుండ పెరిగి, నారవంటి కొల్లాజెనును అల్లి, వలను గోడతో నేకము చేయును. ఇనుప ఊచలచుట్టు సిమెంటు గట్టిపడి కప్పు నిలిచినట్లు, వలయు మచ్చకణజాలమును కలిసి క్రొత్త గోడయగును. ఊచలు మాత్రమే కప్పు కాదు. వల మాత్రమే గోడ కాదు.

అందుచే హెర్నియా మరల వచ్చిన సందర్భములలో వల నడుమ తెగుట అరుదు. సాధారణముగా అంచువద్ద పట్టు తప్పియో, వల ముడుచుకొనియో, మొదటనే చిన్న ముక్క వేయుటచేతనో ప్రక్కనుండి సందు ఏర్పడును. మచ్చ బిగిసినకొలది వల వైశాల్యము కొంత తగ్గును. ఈ తగ్గుదలను ముందే లెక్కించి గజ్జలలో సుమారు 7 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవుగల వలను, దుర్భిణి చికిత్సలో కనీసము 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవుగల వలను వాడుదురు. సందు రెండు వ్రేళ్లంతయే యున్నను వల అరచేయంత యుండుటకు కారణమిదియే. అది వృథా కాదు. బలము ఆ మించిన అంచులలోనే యున్నది.

చౌక వలతో జరిగిన పరీక్ష

వల ఖరీదునకును, దాని ఉపయోగమునకును గల సంబంధమును మన దేశములోనే ఒక శస్త్రవైద్యుడు పరీక్షించి చూచెను. మహారాష్ట్రలోని దొండాయిచా పట్టణమున డాక్టరు రవీంద్రనాథ్ టోంగావ్‌కర్, ఖరీదైన వల కొనలేని రోగులకై దోమతెర బట్టను శుద్ధిచేసి వాడి, ఇతర వైద్యులతో కలిసి ఆ ఫలితములను 2003లో ప్రకటించెను. తరువాత ఉగాండాలో 302 మంది పురుషులపై పరిశోధకులు ఒక క్రమమైన పరీక్ష నడపిరి. కొందరికి శుద్ధిచేసిన దోమతెర వలను, కొందరికి వ్యాపారసంస్థ తయారుచేసిన తేలిక వలను వేసిరి. 2016లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము, ఒక సంవత్సరము తరువాత చౌక వల వేసినవారిలో ఒక్కరికి మాత్రమే హెర్నియా మరల వచ్చినది; రెండవ వర్గములో ఎవరికిని రాలేదు. ఈ రెండింటి నడుమ గణనీయమైన భేదము లేదని పరిశోధకులు తేల్చిరి.

ఇందుచే ఇంటి దోమతెర వాడవచ్చునని ఎవరును భావింపరాదు. మందు పట్టించిన తెరగాని, సరిగా శుద్ధిచేయని బట్టగాని శరీరములో ప్రమాదకరము. అక్కడ వాడినది పరీక్షించి, శుద్ధిచేసిన బట్ట. అమర్చినది శిక్షణ పొందిన చేయి. ఖరీదు ఎక్కువైన వలయే ఎక్కువ మేలు చేయుననుటకు ఆధారము లేదనుటయే ఈ పరీక్షలు నేర్పు పాఠము.

రోగి తెలిసికొనవలసిన సంగతులు

గజ్జల చికిత్స తరువాత వల తెగునేమోయని నెలల తరబడి మంచము పట్టనవసరము లేదు. చాలమంది మూడు మొదలు ఐదు దినములలో ఇంటి పనులు చేసికొనగలరు. మూటలు మోయుట, దుక్కి దున్నుట మొదలగు శ్రమతో కూడిన పనులకు ఎప్పుడు మరలవలెనో చికిత్స చేసిన వైద్యుని అడిగి తెలిసికొనవలెను. పెద్ద కోతమచ్చ హెర్నియాకు చికిత్స పొందినవారికి ఇంకను ఎక్కువ వ్యవధి కావలసియుండును.

వల చికిత్సకును కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. నూటికి 10 మొదలు 12 మందికి చికిత్స తరువాత నెలల తరబడి బాధించు నొప్పి నిలువవచ్చును. అరుదుగా చీము పట్టవచ్చును. జ్వరము, ఎఱ్ఱదనము, చీము, తగ్గని వాపు కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసిపిల్లల గజ్జల హెర్నియాకు వల వాడరు. తిత్తిని కట్టి తీసివేసిన చాలును. వల వలదనువారికి కుట్టు పద్ధతులును కలవు. అందు అనుభవజ్ఞుడైన వైద్యుని ఆశ్రయింపవలెను.

చికిత్సకు ముందు వైద్యుని ఈ ప్రశ్నలు అడుగుట మంచిది: ఏ పదార్థముతో చేసిన వల వేయుదురు? సందుకంటె ఎంత మించి పరచుదురు? చికిత్స ముగిసిన పిమ్మట వల పొట్లముపై నుండు పేరు, సంఖ్య గల చీటిని ఆసుపత్రి కాగితములలో అంటింపజేసికొని భద్రపరచుకొనవలెను. పొగత్రాగుట మానుట, దగ్గునకును మలబద్ధకమునకును ముందుగ చికిత్స పొందుట, అధిక బరువు తగ్గించుకొనుట వలకు చేయు గొప్ప సహాయము. ఖర్చును గూర్చి భయపడువారు 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద గాని, రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకముల క్రింద గాని తమకు సౌకర్యము కలదేమో ఆసుపత్రిలో విచారింపవలెను.

ఆలస్యము చేయరాని స్థితి

పడుకొన్నపుడు లోనికి పోవుచుండిన ఉబ్బు ఒకనాడు లోనికి పోక, గట్టిపడి, తీవ్రముగా నొప్పి పెట్టి, వాంతులు వచ్చి, మలము గాని గాలి గాని పోకుండినచో పేగు సందులో బిగిసిపోయినదని అనుమానింపవలెను. అట్టి పేగునకు రక్తము అందక కొన్ని గంటలలోనే చెడిపోవచ్చును. దానిని చేతితో బలవంతముగా లోనికి నెట్టుట, నాటుమందులు వేయుట, తెల్లవారువరకు వేచియుండుట ప్రాణాపాయకరములు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యముగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పలుచని వలను చూచి భయపడి చికిత్సను వాయిదా వేయువాడు, తెగని వస్తువు తెగుననుకొని, నిజముగా ప్రమాదమున్న సందును తెరచి యుంచుకొనుచున్నాడు. తగిన వలను, తగినంత వెడల్పుగా, నేర్పరియైన చేయి పరచినచో, మిగిలిన పనిని శరీరమే పూర్తిచేయును.